హవాయి ప్రభువుల యీఁకల వస్త్రములు

పసిఫిక్ మహాసముద్రమునందలి హవాయి ద్వీపముల ప్రభువులు ధరించిన యుత్తరీయములకు ఆ దేశభాషలో ‘అహు ఉల’ యని పేరు. ‘అహు’ యనఁగా పైవస్త్రము; ‘ఉల’ యనఁగా ఎఱుపు. అవయవార్థమునుబట్టి యీపదము ఎఱ్ఱని వస్త్రమునకే చెల్లవలెను. కాని ద్వీపములన్నిటి నేకచ్ఛత్రముగ నేలిన మొదటి కమేహమేహ ధరించిన వస్త్రమున మిక్కిలిభాగము పసుపువన్నెది. దానికిని ఇదియే పేరు. తిలలనుండి పుట్టిన తైలశబ్దము ఆవనూనెకును జెల్లినట్లే, యిచటను రూఢి యోగమును మించినది. ఎఱుపే తొలుత నుండి, యఱుదైన పసుపునకు పిమ్మట గౌరవము హెచ్చినదని యూహింపవచ్చును.

ఇవి మగ్గముపై నేసినవి కావు. ‘ఓలొనా’ యను నడవిపొద నారతో సన్నని వల నల్లి, దానికి ఈఁకలను చిన్నకుచ్చులుగాఁ గట్టుదురు. ఒక వరుస మఱియొకవరుస మొదళ్లను గప్పుటచే లోని ముడి యొక్కటియుఁ గానరాదు.

ఎఱ్ఱని యీఁకలు ‘ఇఇవి’ పక్షివి. పసుపునకు ‘మామో’, ‘ఓఓ’ యనునవి యాధారము. ఈ రెండును నల్లనిపిట్టలు, పచ్చనియీఁకలు వాని యొడలఁ గొలఁదిగనే యుండును. వేఁటకాండ్రు కొమ్మలకు జిగురు పూసి వీనిఁ బట్టెడివారు. ఈఁకలు ప్రభువులకుఁ బన్నుగాఁ జెల్లెడివి. కమేహమేహ వస్త్రమునకు 80,000 మామో పక్షులనుండి 4,50,000 ఈఁకలు పట్టియుండునని యంచనా. అనఁగా పక్షికి అయిదాఱు మాత్రమే. 1779 జనవరి 26 న కలనియోపువు ప్రభువు కెప్టెన్ కుక్కునకుఁ గప్పిన వస్త్రమున 20,000 పక్షుల యీఁకలు 40 లక్షలని లెక్కించిరి, పక్షికి రెండువందలు! ఈ యంతరమునకుఁ గారణము లేకపోలేదు. ఇఇవి యొడలంతయు నెఱుపే గనుక దానిని జంపి యొలిచిరి. పసుపుపిట్టలను మాత్రము ఈఁకలు పెఱికి విడిచిరని చెప్పుదురు.

ఈ వస్త్రములే పక్షులను రూపుమాపినవను మాట తఱచుగ వినఁబడును. అది నిలువదు. అట్లైనచో వేలకొలఁది చంపఁబడిన ఇఇవియే మొదట నశింపవలసినది. నశించినది మామో, 1898 ప్రాంతమునఁ గడపటిసారి కనఁబడెను. హవాయి ఓఓ 1934 నాఁటికి మాసెను. కౌఆయి ద్వీపపు ఓఓ పలుకు 1987 తరువాత వినఁబడలేదు. 1793 లో నోడలపై వచ్చిన పశువులు అడవిని ద్రొక్కివైచినవి. ఎలుకలు గూళ్లఁ బడినవి. 1826 లో నొక యోడ నీటిపీపాలతో దోమలు దిగినవి. వానివలన వచ్చిన మలేరియాకు, మశూచికి ఆ పిట్టలు తాళలేకపోయినవి. తుపాకి పిదప వచ్చినది. అయినను జిగురునుండి విడిచిన పిట్టలన్నియు బ్రదికిన వనుటయుఁ దూఁచి నమ్మవలసినదే.

కుక్కునకు దక్కిన వస్త్రము 1912 లో న్యూజీలండు చేరి, 2016 లో హోనోలులునందలి బిషప్ మ్యూజియమునకు మరలి, 2020 లో శాశ్వతముగ నచటిదే యయ్యెను. నేఁటి పనివారు రంగువేసిన బాతుయీఁకలతో నీ శిల్పమును సాఁగించుచున్నారు. ఇఇవి దోమలు చేరని యెత్తుకొండలయందు మిగిలియున్నది. 2017 లో దానిని ముప్పు పొంచియున్న జాతిగాఁ బ్రకటించిరి. వేఁడిమి హెచ్చుకొలఁది దోమలును గొండ నెక్కుచున్నవి. 2023 నుండి మౌయి యడవులలో ప్రత్యేకముగఁ బెంచిన మగదోమలను గాలిలోనుండి విడుచుచున్నారు. వానితోఁ గూడిన యాఁడుదోమల గ్రుడ్లు పొదుగఁబడవు.