చదరంగపు బల్లమీద ఏనుగు

చదరంగమును గుఱించిన ప్రాచీన వర్ణనములను చదువబూనిన తెలుగు పాఠకుని మొదట చిక్కులబెట్టునది ఎత్తుల సూక్ష్మత కాదు, ఏనుగు. మన యిండ్లలో ఏనుగనగా బల్ల మూలల నిలిచి, నిలువునను అడ్డమునను త్రోవ యున్నంతమేర సాగు బలము. రాజమంత్రుల ప్రక్కల నిలిచి ఐమూలగా పోవునది శకటు. వంగదేశమున మూలనుండునది నౌక, ఐమూలగా పోవునదియే గజము; రష్యనుల వాడుకయు నిట్టిదే. హిందీవారు మూలబలమును మనవలెనే హాథీ యనియు, మన శకటును మాత్రము ఒంటె యనియు పిలుతురు. రథ గజ తురగ పదాతులను నాలుగు అంగములను పేర్కొను సేనావర్ణనము ఆటకు పేరునిచ్చినదే కాని, ఏ అంగమెచట నిలువవలెనో, ఎట్లు నడువవలెనో నిర్ణయింపలేదు.

అందుచేత ఒకే ఏనుగునకు పూర్వము మూడు నడకలు కనబడుచున్నవి. అరబ్బుల ఆటలో రాజమంత్రుల ప్రక్కనుండు 'ఫీల్' ఐమూలగా ఒక గడిని దాటి మూడవ గడిలోనికి దుముకును. ఆ దుముకుతో అఱువదినాలుగు గళ్ళలో ఎనిమిదింటిని మాత్రమే అది తన జీవితమంతయు చూడగలదు. తొమ్మిదవ శతాబ్దమున అబ్బాసీ ఖలీఫాల కాలపు ప్రసిద్ధ క్రీడాకారుడు అల్ అద్లీ, హిందువులు ఏనుగును మూలన నిలిపి, దానిని తిన్నగా మూడవ గడికి దుమికింతురని వ్రాసెను. 1030 ప్రాంతమున అల్ బీరూనీ తన భారతదేశ వర్ణనమున, పాచికలతో నలుగురాడు చదరంగమును చెప్పుచు, ఏనుగు ముందునకు ఒక గడియు, నాలుగు మూలలవైపు ఒక్కొక్క గడియు నడచుననియు, ఆ అయిదును దాని తొండమునకును నాలుగు పాదములకును గుర్తులని ఇచటివారు చెప్పుదురనియు తెలిపెను. ఇంత ముచ్చటయైన వివరణమును ఆటగాండ్రే చెప్పియుండవలెను. ఇవి వ్రాతగాండ్ర పొరపాటులు కావనియు, వేర్వేరు ప్రాంతముల నిజమైన ఆటలనియు నా దృఢవిశ్వాసము. మూలన ఏనుగును నిలుపు మన అలవాటు ఈ దేశమున నిన్నమొన్నటిది కాదని అల్ అద్లీ మాటవలన తెలియుచున్నది.

అల్ బీరూనీ చెప్పిన ఆ నలుగురాడు ఆటయే ఇరువురాడు ఆటకు తల్లియని డంకన్ ఫోర్బ్స్ 1860లో పెద్ద గ్రంథమే వ్రాసెను. చదరంగ చరిత్రకారుడగు ముర్రే 1913లో ఆ వాదమును ఖండించెను.

మంత్రి చరిత్ర మఱియు విచిత్రము. పూర్వము అతడు ఐమూలగా ఒక్క గడి మాత్రమే కదలు దుర్బలుడు. పదునైదవ శతాబ్దపు చివర స్పెయినులో ఆ స్థానమున నిలిచిన రాణికి దిక్కులన్నిట దూరగమనమును, ఏనుగునకు ఐమూల దూరగమనమును లభించినవి. నేడు మనము మంత్రికిని శకటునకును ఆపాదించు బలమంతయు ఆ మార్పువలన వచ్చినదే. పేర్లు మాత్రము మనవి. కావున పాతగ్రంథమున బలము పేరు కంటబడినపుడు, దాని గడి యేదో, అడుగెట్టిదో తెలిసినదాక ఆ పేరును నమ్మరాదు.

ఇట్టి ప్రాంతభేదములు ఇటీవలిదాకను నిలిచినవి: బంటునకు తొలి ఎత్తున రెండు గళ్ళ అనుమతి లేని దేశీయపు ఆటలో పెరిగిన మీర్ సుల్తాన్ ఖాన్, యూరపు నియమములను ఆలస్యముగా అభ్యసించి, 1929, 1932, 1933 సంవత్సరములలో బ్రిటిషు విజేత యయ్యెను.