తస్వీర్‌లో లేని గవాహీ

పాత తస్వీర్ గవాహీ ఇస్తుంది. కానీ తాను నిలబడ్డ వైపు నుంచే ఇస్తుంది. కాన్కార్డ్ ఫొటోలు చూసినప్పుడల్లా నాకు ఈ సంగతే తడుతుంది.

జీ-బీఓఏడీ అనే కాన్కార్డ్‌నే తీసుకోండి. ఒక ఫొటోలో దాని ఒంటి మీద సింగపూర్ ఎయిర్‌లైన్స్ రంగులు, ఇంకో ఫొటోలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ రంగులు. రెండు హవాయి జహాజులేమో అనుకుంటాం. హకీకత్‌లో ఒక్కటే. ఎడమ పక్క సింగపూర్, కుడి పక్క బ్రిటన్. లండన్-బహ్రెయిన్-సింగపూర్ సఫర్‌ని రెండు కంపెనీలూ కలిసి నడిపాయి మరి. ఆ విమానం ఇప్పుడు న్యూయార్క్‌లోని ఇంట్రెపిడ్ మ్యూజియంలో ఉంది, బ్రిటిష్ రంగులతోనే. సింగపూర్ పక్క తస్వీర్లలో మాత్రమే మిగిలింది.

ఆ సఫర్ ఎక్కువకాలం సాగలేదు. 1977 డిసెంబర్ 9న సింగపూర్ దాకా మొదలైంది. మూడు రాకపోకలు కాగానే మలేషియా ఏతరాజ్ చెప్పింది, ఆగిపోయింది. 1979 జనవరిలో దారి మార్చి మళ్లీ ఎగిరింది. ఈసారి మన ఆస్మాన్‌లో ధ్వనిని మించిన వేగానికి హిందుస్తాన్ ఇజాజత్ ఇవ్వలేదు. మెల్లగా ఎగిరే కాన్కార్డ్ ఎవరికి గిట్టుబాటు? 1980లో రూట్ బంద్.

విమానానికి తస్వీర్లున్నాయి. ఆ ఇన్కార్‌కి లేదు.

ఏతరాజ్ దేనికంటే, ధమాకాకి. ధ్వని వేగం దాటిన ఆ ఒక్క క్షణంలోనే అది పేలుతుందనుకుంటారు చాలామంది. కాదు. ఆ వేగంలో ఉన్నంతసేపూ, దారి పొడవునా, పదుల కిలోమీటర్ల వెడల్పున కింద వినబడుతూనే ఉంటుంది. అందుకే కాన్కార్డ్ సముద్రం మీదే పూర్తి వేగం అందుకునేది. సముద్రం ఖాళీ అని లెక్క.

ఆ వేగంలో ఉన్న కాన్కార్డ్‌కి ఒకే ఒక్క తస్వీర్ అని పేరున్నది 1985 ఏప్రిల్‌లో ఐరిష్ సముద్రం మీద తీసింది. టోర్నడో యుద్ధవిమానంలోంచి ఏడ్రియన్ మెరెడిత్ తీశాడు. ఖూబ్‌సూరత్ తస్వీర్. చప్పుడు మాత్రం అందులో లేదు.

ఆ సింగపూర్ దారి మా డొంకూరుకి చాలా దక్షిణాన. అయినా సముద్రం ఖాళీ అనే మాట డొంకూరులో చెప్పి చూడండి. వేటకెళ్లిన పడవల కోసం ఒడ్డున ఎదురుచూసే ఇళ్లు నవ్వుతాయి. ఇక్కడ సముద్రం పొలంలాంటిది, రోజీ ఇచ్చే చోటు.

తస్వీర్లు భద్రం చేసేవాళ్లకి నాదొక గుజారిష్. విమానం పేరు, తారీఖుతో పాటు కింద ఏ నేల, ఏ నీళ్లు ఉన్నాయో కూడా రాయండి. అక్కడివాళ్లూ ఆ తారీఖ్‌లో భాగమే.