రోడ్డు కంటే ముందు వచ్చిన బండి

చాలాచోట్ల దారి ముందు ఏర్పడింది, దాని మీదికి మోటారు తర్వాత వచ్చింది. మన హైదరాబాదులో నిజాం కార్లు గుర్రపు బగ్గీలు తిరిగిన వీధుల్లోనే తిరిగాయి. ఒమన్ కథ వేరు. 1970 జులై 23న సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కేనాటికి దేశం మొత్తంలో తారు రోడ్డు సుమారు 10 కిలోమీటర్లు. పొద్దుగూకిన కొన్ని గంటలకు మస్కట్ కోట తలుపులు మూసేవారు. ఆ తర్వాత వీధిలోకి వచ్చేవారి చేతిలో లాంతరు ఉండితీరాలి. కారు కొనాలంటే నాటి సుల్తాన్ సయీద్ బిన్ తైమూర్ అనుమతి కావాలి. అయినా అప్పటికే ఎడారి నడిబొడ్డుకు బండ్లు చేరి ఉన్నాయి. 1954లో చమురు అన్వేషకులు దుఖ్మ్ తీరంలో ఓడల నుంచి లారీలు దించుకుని, బాటన్నది లేని నేల మీద ఫహూద్ దాకా వెళ్లారు. మరుసటి ఏడాది డిసెంబరులో సుల్తాన్ సయీద్ బిన్ తైమూర్ సలాలా నుంచి నిజ్వాకు లారీల బిడారుతో ఎడారి దాటాడు. వెంట వెళ్లిన విలేకరి జేమ్స్ మోరిస్ ఆ ప్రయాణం మీద ఒక పుస్తకమే రాశాడు. 1967 జులైలో మొదటి చమురు ఓడ బయలుదేరినప్పుడు కూడా ఆ చమురుతో నడిచే బండికి సొంతగడ్డ మీద సరైన రోడ్డు లేదు. ఒమన్‌లో పాత బండ్ల మీద కనిపించే మమకారాన్ని ఈ వరస తెలియకుండా అంచనా వేయకూడదని నా వాదన. అక్కడ బండి రోడ్డుకు ప్రత్యామ్నాయంగా వచ్చింది. మంచి బండి అంటే ఏమిటో కొలిచే కొలమానం ఆ రోజుల్లోనే పుట్టింది.

ఇందుకు అన్నిటికన్నా గట్టి సాక్ష్యం జిద్దత్ అల్ హరాసీస్ అనే కంకర మైదానం. హరాసీస్ తెగవారు మేకలు, ఒంటెలు కాచుకునే ఆ నేల మీద నిలిచి ఉండే నీరన్నది లేదు. సముద్రం మీదుగా వచ్చే పొగమంచు రాత్రిపూట తుమ్మచెట్లను తడిపితే పశువులకు అదే ఆధారం, మనుషులకు పశువుల పాలే ఆధారం. 1950లలో చమురు కంపెనీ హైమాలో, అల్ అజాయిజ్‌లో బావులు తవ్వించినా, బావి ఒకచోట, మేత మరోచోట. 1970లలో అక్కడికి పికప్ వచ్చింది. నీళ్ల ట్యాంకు వెనక పెట్టుకుని మేత ఉన్నచోటికే నీటిని మోసుకెళ్లడం అప్పుడు మొదలైంది. 1980ల ఆరంభంలో మానవశాస్త్రవేత్త డాన్ చాటీ వారి మధ్య పనిచేసేనాటికి పికప్ దాదాపు ప్రతి ఇంటి సరుకైంది. బండి వచ్చినా వారు సంచార జీవనాన్ని వదిలేయలేదు. నీళ్లూ దాణా మోయగల బండి ఉండబట్టే మందలతో ఆ మైదానంలో నిలబడగలిగారు. ఒకప్పుడు మనిషిని మోసిన ఒంటె ఇప్పుడు పికప్ వెనక మోకాళ్లు ముడుచుకుని ప్రయాణిస్తుంది. ఒమన్ రోడ్ల మీద అది ఎవరికీ వింత కాదు.

ఇదంతా గతం, ఇప్పుడు ఊరూరికీ నున్నటి రోడ్డుంది, పాత బండి మీద ప్రేమ ఉత్త బెంగ అంటారు కొందరు. బెంగే అయితే కంపెనీ దాన్ని ఇంకా తయారు చేయదు. 1984లో మొదలైన టయోటా ల్యాండ్ క్రూజర్ 70 వరస నేటికీ కొత్తగా తయారవుతోంది. గల్ఫ్ జనం ముద్దుగా ‘శాస్’ అని పిలిచే పికప్ ఈ వరసలోదే. చాసిస్ అనే మాటే అరబ్బుల నోట అలా మారింది. గట్టి ఇనుప చట్రం, వెనక లారీకి ఉన్నట్టు కమాన్ కట్టలు. మామూలు మెకానిక్ సైతం చూడగానే అర్థం చేసుకునే అమరిక. మస్కట్‌లో వాదీ కబీర్, ఘలా వంటి సనాయియాలలో, అంటే షెడ్ల పేటలలో, ఆ పని చేసే చేతులు ఎక్కువగా భారత ఉపఖండానివే. ఇసుకలో టైర్ల గాలి తగ్గించి, లో గేరులో పెట్టి నడిపే విద్యకు ఇలాంటి బండి అనువుగా ఉంటుంది. కొండల సంగతీ అంతే. జబల్ అఖ్దర్ పైకి తారు రోడ్డు వేసి చాలా ఏళ్లయినా బిర్కత్ అల్ మౌజ్ దగ్గర పోలీసులు ఫోర్ వీల్ డ్రైవ్ లేని బండిని పైకి పోనివ్వరు. దిగేటప్పుడు వాలు అంత నిటారు. రోడ్డు వచ్చినంత మాత్రాన నేల స్వభావం మారలేదని ఆ కాపలా చెబుతూనే ఉంది.

దీనికంటే బరువైన అభ్యంతరం ప్రాణాలది. ఒమన్‌లో 2012లో రోడ్డు ప్రమాద మరణాలు 1,100 దాటాయి. 2018 నాటికి 700 లోపుకు దిగాయి. ఎయిర్‌బ్యాగులూ, చక్రం జారకుండా పట్టే బ్రేకులూ ఉన్న కొత్త కారు మనిషిని కాపాడుతుంది. ఇందులో వాదించడానికేమీ లేదు. గంటకు 120 కిలోమీటర్ల వేగంతో పోయే రహదారి మీద కుటుంబంతో ప్రయాణించేవారికి ముప్పై ఏళ్ల బండిని నేను సిఫారసు చేయను. అయితే ఆ వేగాన్ని తెచ్చింది కొత్త రోడ్డే. మరణాల తగ్గుదలలో రాడార్లకూ, పోలీసు నిఘాకూ వాటా ఉంది, మొత్తం ఘనతా కొత్త మోడళ్లకు కట్టబెట్టలేం. తారు మీద కొత్తది మేలు, తారు దిగాక పాతదాని గుణాలు మేలు. ఒమన్‌లో ఒకే ప్రయాణంలో రెండూ తగులుతాయి. చిక్కంతా అక్కడే.

పాత బండి అభిమానులు దాచకూడని నిజం ఒకటుంది. అదే జిద్దత్ మైదానంలో అరేబియా ఓరిక్స్ అనే తెల్లటి జింక తరతరాలుగా బతికింది. కాలినడకన, ఒంటె మీద వేటాడే మనిషికి అది అంత సులువుగా అందేది కాదు. లారీలెక్కి తుపాకులతో వచ్చిన వేటగాళ్లకు అందింది. 1972 నాటికి స్వేచ్ఛగా తిరిగేది ఒక్కటీ మిగలలేదు. నీళ్లు మోసిన బండీ, ఓరిక్స్‌ను తుడిచిపెట్టిన బండీ ఒకే జాతివి. 1982లో విదేశీ జంతుశాలల సంతతి నుంచి వాటిని మళ్లీ యాలూనీలో వదిలినప్పుడు హరాసీస్ యువకులే కాపలాదారులై బండ్ల మీద గస్తీ తిరిగారు. తర్వాత దొంగవేట మళ్లీ పెరిగింది. ఓరిక్స్ కోసం ఏర్పరచిన అభయారణ్యాన్ని ప్రభుత్వం పదో వంతుకు కుదించింది. 2007లో యునెస్కో తన ప్రపంచ వారసత్వ జాబితా నుంచి దాన్ని తొలగించింది. ఆ జాబితా చరిత్రలో అదే మొదటి తొలగింపు. అందుకని పాత బండిని అమాయకమైనదని పొగిడేవారితో నేను ఏకీభవించను. దానికున్న శక్తినే గౌరవిస్తాను.

2021 డిసెంబరులో రుబ్ అల్ ఖాలీ ఎడారి మీదుగా ఒమన్‌నూ సౌదీనీ కలిపే రోడ్డు తెరుచుకుంది. 1930 చివర్లో సలాలా నుంచి బయలుదేరి బెర్ట్రామ్ థామస్ ఒంటెల మీద రెండు నెలల్లో దాటిన ఇసుకసముద్రాన్ని ఇప్పుడు కుటుంబ కారులో దాటవచ్చు. 1954లో లారీలు దిగిన దుఖ్మ్‌లోనే ఖతార్ భాగస్వామ్యంతో కర్వా బస్సుల కర్మాగారం నడుస్తోంది. ఒమనీ యువకులు మేస్ పేరుతో విద్యుత్తు కారు కూడా తయారుచేశారు. ఈ కొత్త బండ్లను నేను స్వాగతిస్తాను. ఐతే కొలమానం మాత్రం పాతదే ఉండాలి. మస్కట్ నుంచి సలాలాకు వెయ్యి కిలోమీటర్లు. నడుమ హైమా దాటాక ఎండలో బండి ఆగితే, దగ్గర్లో ఉన్న మనిషి, తన చేతిలో ఉన్న సామానుతో, దాన్ని మళ్లీ కదిలించగలడా?