గోడ లేస్తోంది

ఎర్ల్స్ కోర్ట్ స్టేషన్‌లో వారిక్ రోడ్ వైపు బయటికొస్తే ఎదురుగా అదే హాలు. 1937లో కట్టిన ఎగ్జిబిషన్ సెంటర్. పడవల ప్రదర్శనలూ సైనిక విన్యాసాలూ జరిగే చోట ఈ వారమంతా పింక్ ఫ్లాయిడ్ బ్యాండు వాయిస్తోంది. ఇవాళ 1980 ఆగస్టు 9, శనివారం. ఆరు రాత్రుల్లో ఇదే ఆఖరిది. ఏడవుతున్నా లండన్‌లో పొద్దు గూకలేదు. జీన్సు జాకెట్లు, సిగరెట్ పొగ, నల్లబజారు టికెట్ల బేరాలు దాటుకుని లోపలికి పదండి.

మీ సీటు పక్క వరసల్లో, కాస్త పైన. మామూలు కచేరీకైతే ఇలాంటి సీటు దొరికిందని ఎవరైనా మొహం చిట్లిస్తారు. ఇక్కడ మాత్రం ఇదే మంచిది. స్టేజీకి అటూ ఇటూ తెల్లటి ఇటుకల గోడ మెట్లు మెట్లుగా ఇప్పటికే సగం లేచి ఉంది. మధ్యలో ఖాళీ. ఆ ఖాళీ మూసుకుపోయేలోగా, దాని వెనక ఏం జరుగుతోందో ఓ మూలగా మీ కంట పడుతుంది.

దీపాలు ఆరాయి. మొదటి దెబ్బకే గిటార్ గుండెల మీద కొట్టింది. స్టేజీ ముందుకి నలుగురు వచ్చి వాయించేస్తున్నారు. జనం లేచి నిలబడి వాళ్ల పేర్లు పెట్టి అరుస్తున్నారు. కాస్త పరీక్షగా చూడండి. ఆ మొహాలు కదలడం లేదు. అవి మాస్కులు! అసలు వాళ్ల మొహాలకి అచ్చు తీసి చేసిన మాస్కులు తగిలించుకున్న వేరే బృందం అది. పాట చివరికొచ్చేసరికి హాలు ఆ చివర కప్పు నుంచి యుద్ధవిమానం నమూనా ఒకటి మన నెత్తి మీదుగా తీగ వెంట దూసుకొచ్చి, గోడకి గుద్దుకుని భగ్గుమంది. ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్‌లో ఇదే ప్రదర్శన మొదటి రాత్రి బాణసంచా నిప్పురవ్వలు నిజంగానే తెరకి అంటుకున్నాయి. ఆట ఆపి, పనివాళ్లు పైకెక్కి ఆర్పాల్సి వచ్చింది. ఈ రాత్రి మంట చెప్పినట్టే వింది.

ఇప్పుడు వెనక లైట్లు పడ్డాయి. అసలు నలుగురూ అక్కడున్నారు. రోజర్ వాటర్స్, డేవిడ్ గిల్మోర్, నిక్ మేసన్, రిచర్డ్ రైట్. వాళ్లని చూస్తూ ఉండిపోకండి, మన పని పక్కన ఉంది.

గోడ వెనక లిఫ్టు పలక మీద ఇద్దరు నిలబడ్డారు. మడతపెట్టి తెచ్చిన అట్టని విప్పి, మూలలు నొక్కి, పెట్టెగా నిలబెట్టి పైకి అందిస్తున్నారు కింద ఉన్నవాళ్లు. ఒక్కో ఇటుకా మనిషి చేతులు చాచినంత పొడవుంది, కానీ లోపలంతా డొల్ల. పైవాడు అందుకుని, కింది రెండు ఇటుకల అతుకు మీదికొచ్చేలా సరిచూసి, అరచేత్తో చరిచి కూర్చోబెడుతున్నాడు. తాపీమేస్త్రీ పెట్టే వరసే ఇది, సున్నమే లేదు. వరస పూర్తయ్యేసరికి పలక ఇంకో మెట్టు పైకి లేస్తుంది. గోడ వాలిపోకుండా వెనక నుంచి లోహపు స్తంభాలు దాంతోపాటే పొడవు పెరుగుతూ పట్టుకుంటున్నాయి. మొత్తం సుమారు 340 ఇటుకలు. పూర్తయితే గోడ 40 అడుగులకి అటూ ఇటుగా ఉంటుంది. దీనికి రూపకల్పన చేసింది మార్క్ ఫిషర్. చదివింది ఆర్కిటెక్చర్.

ఇంత సరంజామాతో ఊరూరా తిరగడం కుదిరే పని కాదు. అందుకే లాస్ ఏంజెలెస్‌లో ఏడు రాత్రులు, న్యూయార్క్ పక్కన నాసావు కొలీజియంలో ఐదు, ఇక్కడ ఆరు. వచ్చే ఏడాదివీ కలుపుకుంటే నాలుగు చోట్ల మకాం వేసి 31 ప్రదర్శనలు. దీన్నే టూర్ అనాలి మరి.

గోడ ఎందుకంటే 1977 జులై 6 చెప్పాలి. మాంట్రియల్ ఒలింపిక్ స్టేడియం. ముందు వరసలో గోల చేస్తున్న అభిమాని మీద వాటర్స్ ఉమ్మేశాడు. తర్వాత తన మీద తనకే రోత పుట్టింది. వేల మందికి పాడుతున్నానంటూ ఎవరికీ పాడటం లేదనిపించింది. మాకూ వీళ్లకీ మధ్య గోడ కట్టేస్తే సరి, అన్న ఆలోచన అక్కణ్ణించి వచ్చింది. 1979 నవంబర్ 30న ఆ గోడ కథే ఆల్బమ్‌గా వచ్చింది. బడిపిల్లలు గొంతు కలిపిన పాట ఆ క్రిస్మస్‌కి బ్రిటన్‌లో మొదటి స్థానం పట్టింది. దక్షిణాఫ్రికాలో నల్లజాతి విద్యార్థులు దాన్ని తమ నినాదంగా పాడుకుంటే అక్కడి ప్రభుత్వం నిషేధించింది. ఇప్పుడు ఆ పాటే ఇక్కడ మోగుతోంది. కార్టూనిస్టు గెరాల్డ్ స్కార్ఫ్ గీసిన మేస్టారు బొమ్మ పైనుంచి తాళ్లకి వేలాడుతూ, కళ్లలో దీపాలు వెలిగించుకుని జనం మీదికి వంగుతోంది. పెద్దవాళ్లే కొంచెం వెనక్కి జరిగారు.

ఖాళీ తగ్గుతోంది. గిల్మోర్ తల కనిపిస్తోంది. కాసేపటికి గిటార్ మెడ మాత్రమే. మేసన్ చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. ప్రదర్శనలో వేసే సినిమా బొమ్మతో తాళం తప్పకుండా వాటిలో టిక్ టిక్ వినిపిస్తుంటుంది. ఈలోగా పైన మేస్త్రీలు కాస్త వెనకబడ్డారు. ఇంకా నాలుగైదు రంధ్రాలు మిగిలాయి. ఏం చేస్తారంటారా? బ్యాండు వాయిస్తూనే ఉంటుంది. ఆల్బమ్‌లో లేని ముక్క అది, అంతకుముందు వచ్చిన పాటల బాణీలనే అల్లి చేసింది. ఇటుకలు ఎంత ఆలస్యమైతే అంత సాగుతుంది, అందుకోగానే ఆగుతుంది. ప్రపంచంలో ఇంత పేరున్న బ్యాండు ఓ అట్టపెట్టె కోసం ఎదురుచూడటం నాకు ఈ రాత్రి అన్నిటికన్నా నచ్చింది.

ఒక్క కన్నం మిగిలింది. అందులోంచి వాటర్స్ మొహం. చిన్న పాట, ఒక నిమిషం పైచిలుకు. ఆఖరి మాట, ఆఖరి ఇటుక. విరామం.

విరామంలో జనం బీరుకి వెళ్తూ కూడా వెనక్కి తిరిగి చూస్తున్నారు. ఈ చివర నుంచి ఆ చివరకి తెల్లటి గోడ, ఇంకేమీ లేదు. మళ్లీ దీపాలు ఆరి 'హే యూ' మొదలైనా ఏమీ కనబడదు. డబ్బిచ్చి వచ్చిన వేల మంది గోడకేసి చూస్తూ పాట వింటున్నారు. మన ఊళ్లో ఏ హీరో అయినా రెండో సగం తెర వెనకే ఉంటానంటే కుర్చీలు మిగులుతాయా? ఇక్కడ ఒక్కడూ అరవడం లేదు. తర్వాత గోడలో కిటికీలా కొంత తెరుచుకుని హోటల్ గది బయటపడింది. టీవీ ముందు వాటర్స్ ఒక్కడే కూలబడి ఉన్నాడు.

'కంఫర్టబ్లీ నమ్' కింద మొదలైంది. వాటర్స్ గోడ ముందుకొచ్చి డాక్టరు మాటలు పాడుతున్నాడు. అందరి చూపూ అతని మీదే. అతని వంతు అయిపోగానే ఉన్నట్టుండి గోడ పైనుంచి వెలుగు విరజిమ్మింది. ఆ నడుమ గిల్మోర్, చేతిలో గిటార్. మీ చుట్టూ తలలన్నీ ఒక్కసారి పైకి లేచాయి. 'హా' అన్న ఊపిరి మీకే వినబడింది. అతను ఇందాకటి నుంచి చీకట్లో లిఫ్టు మీద అంత ఎత్తున తన వంతు కోసం నిలబడే ఉన్నాడు. సోలో మొదలయ్యాక ఇక గోడా లేదు, మేస్త్రీలూ లేరు. నేనూ ఒప్పుకుంటాను.

ఆ తర్వాతంతా గోడే వెండితెర. సుత్తులు కవాతు చేస్తూ ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తాయి. స్కార్ఫ్ గీసిన న్యాయమూర్తి కోర్టు తీరుస్తాడు. తోలుబొమ్మలాటలో లాగే పాడేవాళ్లు వెనకుంటే కళ్ల ముందు బొమ్మలు బతుకుతున్నాయి. తేడా ఏమిటంటే మనవాళ్ల తెర తెల్లవారాక చుట్టి పెట్టేస్తారు, ఇక్కడ తెరనే కూలగొడతారు.

కూల్చమని జనం గొంతు చించుకుంటున్నారు. వెనక స్తంభాలు మెల్లిగా కిందికి దిగిపోయాయి, మీరది చూడలేరు. పైవరస ఊగింది. ఒకటి జారింది, రెండు, పది. డొల్ల పెట్టెలే అయినా చప్పుడు మాత్రం స్పీకర్లలోంచి కొండ విరిగినట్టు నాలుగు వైపులా చుట్టుముట్టింది. ముందు వరసలవాళ్లు చేతులు అడ్డం పెట్టుకున్నారు. పొగ. ఆ శిథిలాల ముందుకి అందరూ చిన్న చిన్న వాయిద్యాలతో నడిచొచ్చారు. వాటర్స్ చేతిలో క్లారినెట్, గిల్మోర్ చేతిలో మాండలిన్. వాళ్లలో రైట్ ఇప్పుడు బ్యాండు సభ్యుడు కాడు, రికార్డింగ్ సమయంలోనే ఆ బంధం తెగిపోయింది. జీతానికి వాయిస్తున్నాడు. ఈ గోడ ఖర్చుకి మిగతా ముగ్గురూ నష్టపోతుంటే డబ్బు మిగిలింది అతనొక్కడికే.

హాల్లో దీపాలన్నీ వెలిగాయి. నల్లచొక్కాల కుర్రాళ్లు అప్పుడే స్టేజీ మీదికొచ్చి ఇటుకలు ఏరుతున్నారు. మూల చితికినవి ఒక పక్కకి విసిరేస్తూ, బాగున్నవి మోకాలితో నొక్కి బల్లపరుపుగా మడిచి కట్టలు కడుతున్నారు. వచ్చే ఫిబ్రవరిలో డార్ట్‌మండ్‌లో మళ్లీ కట్టాలి. మీరు అక్కడే నిలబడి చూస్తుంటే ఒకడు చెయ్యి ఊపి కేకేశాడు, తప్పుకోండి, వెనక ఫోర్క్‌లిఫ్ట్ వస్తోంది.