పదార్థ నిర్మాణ పరిశోధనాలయం (పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం)

పదార్థ నిర్మాణ పరిశోధనాలయం అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని ఫిలడెల్ఫియా నగరంలో, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన పదార్థ విజ్ఞాన కేంద్రం. ఆంగ్లంలో దీని పేరు ల్యాబొరేటరీ ఫర్ రీసెర్చ్ ఆన్ ది స్ట్రక్చర్ ఆఫ్ మ్యాటర్. పొడి అక్షరాలతో ఎల్.ఆర్.ఎస్.ఎం. అని వ్యవహరిస్తారు. ఇది 1960లో ఏర్పడింది. విద్యుత్తును ప్రసరింపజేసే ప్లాస్టిక్కులను కనుగొన్నందుకు 2000 సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి అందుకున్న ముగ్గురు శాస్త్రవేత్తల ఉమ్మడి కృషికి ఈ కేంద్రం నెలవు. ఇది పట్టాలు ఇచ్చే శాఖ కాదు. భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, ఇంజనీరింగు శాఖలకు చెందిన అధ్యాపకులూ విద్యార్థులూ తమ తమ శాఖలలో కొనసాగుతూనే ఇక్కడ కలిసి పనిచేస్తారు.

ఆవిర్భావం

1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్ ఉపగ్రహాన్ని ప్రయోగించడంతో అమెరికా ప్రభుత్వం ఉలిక్కిపడింది. మరుసటి సంవత్సరం రక్షణ శాఖలో ఉన్నత పరిశోధనా ప్రాజెక్టుల సంస్థ ఏర్పడింది. రాకెట్ల నాళికలు భరించవలసిన వేడి, అణు రియాక్టర్ల గోడలు తట్టుకోవలసిన వికిరణం, ట్రాన్సిస్టర్లకు కావలసిన శుద్ధమైన స్ఫటికాలు, ఇలా ఏ వైపు చూసినా అడ్డుగా నిలిచినది తగిన పదార్థం లేకపోవడమే. అయితే విశ్వవిద్యాలయాలలో పదార్థాల అధ్యయనం ముక్కలు ముక్కలుగా ఉండేది. లోహాలు లోహశాస్త్ర శాఖవి, స్ఫటికాలు భౌతికశాస్త్ర శాఖవి, పాలిమర్లు రసాయనశాస్త్ర శాఖవి. ఒకరి పరికరాన్ని మరొకరు వాడుకోవడం గాని, ఒకరి పరిభాష మరొకరికి అర్థం కావడం గాని అంతగా ఉండేది కాదు.

ఈ గోడలను తొలగించడానికి ఆ సంస్థ 1960లో మూడు విశ్వవిద్యాలయాలతో ఒప్పందాలు చేసుకుంది. అవి కార్నెల్, నార్త్‌వెస్టర్న్, పెన్సిల్వేనియా. తరువాత మరికొన్ని చేరి మొత్తం 12 అయ్యాయి. ఈ ఒప్పందాలలో ఒక ప్రత్యేకత ఉంది. ధనం ఫలానా ఆచార్యుని ఫలానా ప్రయోగానికని కాకుండా, కేంద్రం మొత్తానికి కలిపి, కొన్ని సంవత్సరాలపాటు అందేది. దానిని ఎలా ఖర్చు చేయాలో చాలావరకు స్థానికంగానే నిర్ణయించుకునేవారు. ఒక్కొక్కరు కొనలేని ఖరీదైన పరికరాలను అందరికోసం కొనడానికి వీలు కలిగింది. ఎక్కడికి దారి తీస్తుందో ముందుగా చెప్పలేని ఆలోచనలకు కూడా కొంత చోటు దొరికింది.

వియత్నాం యుద్ధకాలంలో ఈ ఏర్పాటుకు ముప్పు వచ్చింది. సైనిక అవసరాలతో నేరుగా సంబంధం లేని పరిశోధనలకు రక్షణ శాఖ ధనం ఇవ్వరాదని 1969లో సెనేటర్ మాన్స్‌ఫీల్డ్ పేరిట ఒక సవరణ వచ్చింది. దరిమిలా 1972లో ఈ 12 కేంద్రాల పోషణ జాతీయ విజ్ఞానశాస్త్ర ప్రతిష్ఠానానికి బదిలీ అయింది. 1990లలో ఈ పథకం రూపు మార్చుకుని, విశ్వవిద్యాలయాలు ఐదారేళ్ళకొకసారి పోటీపడి నిధులు గెలుచుకునే పద్ధతి స్థిరపడింది. ఎంత చరిత్ర ఉన్న కేంద్రమైనా గడువు ముగిసినప్పుడు కొత్త ప్రతిపాదనతో మళ్ళీ వరుసలో నిలబడవలసిందే.

భవనం, నిత్య జీవితం

పరిశోధనాలయ భవనం వాల్నట్ వీధిలో, 33వ వీధి కూడలికి సమీపంలో ఉంది. పదార్థ విజ్ఞాన, ఇంజనీరింగు శాఖ కూడా ఇదే భవనంలో ఉంది. భౌతికశాస్త్రానికి చెందిన రిటెన్‌హౌస్ భవనం వీధి దాటితే వస్తుంది. రసాయనశాస్త్ర భవనాలకు కాలినడకన కొద్ది నిమిషాల దూరం. 2013లో ప్రారంభమైన సింగ్ నానో సాంకేతిక కేంద్రం కూడా ఇదే వీధిలో ఉంది. ఈ సామీప్యం చిన్న విషయంగా కనిపించవచ్చు గాని, ఇటువంటి కేంద్రాల పనిలో దీని పాత్ర పెద్దది.

ఎలక్ట్రాను సూక్ష్మదర్శినులు, ఎక్స్-కిరణ పరికరాలు వంటివి ఇక్కడ ఉమ్మడి సౌకర్యాలు. ఒక విద్యార్థి తన నమూనాను పరీక్షించుకోవాలంటే ముందుగా శిక్షణ పొంది, సమయం కేటాయింపజేసుకుని, తన వంతు కోసం వేచి ఉండాలి. ఈ వేచి ఉండే సమయంలోనే వేరే శాఖ విద్యార్థితో మాట కలుస్తుంది. యంత్రాల నిర్వహణ చూసే సాంకేతిక నిపుణులు అందరి సమస్యలూ ఎరిగినవారు. ఒకరి ఇబ్బందికి మరొకరి దగ్గర ఉపాయం ఉన్నదని చెప్పగలిగేది తరచుగా వారే. పరిశోధనా పత్రాలలో వీరి పేర్లు చివరి కృతజ్ఞతల వాక్యంలో తప్ప అంతగా కనిపించవు.

మన పాఠశాలల్లో పదవ తరగతి వరకు భౌతిక, రసాయన శాస్త్రాలు ఒకే పాఠ్యపుస్తకంలో ఉంటాయి. ఇంటర్మీడియట్‌లో విడిపోయిన ఈ రెండూ తిరిగి కలుసుకోవడానికి ఒక ప్రత్యేక భవనం అవసరమైందంటే, ఆ విభజన ఎంత లోతుగా పాతుకుపోతుందో ఊహించవచ్చు.

విద్యుత్తును ప్రసరింపజేసే ప్లాస్టిక్కు

ఈ కేంద్రానికి సంబంధించిన అత్యంత ప్రసిద్ధమైన ఆవిష్కరణ ఇది. భౌతికశాస్త్రవేత్త అలన్ హీగర్ 1962లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో చేరాడు. 1970ల రెండవ భాగంలో ఈ పరిశోధనాలయ సంచాలకుడు ఆయనే. న్యూజీలాండ్‌లో జన్మించిన రసాయనశాస్త్రవేత్త అలన్ మెక్‌డయర్మిడ్ 1955 నుండి అక్కడే పనిచేస్తున్నాడు. లోహం కాకపోయినా లోహంలా విద్యుత్తును ప్రసరింపజేసే సల్ఫర్ నైట్రైడ్ అనే పాలిమర్ గురించి హీగర్‌కు ఆసక్తి కలిగింది. దానిని తయారుచేయడానికి రసాయనశాస్త్రవేత్త తోడు కావలసి వచ్చి మెక్‌డయర్మిడ్‌ను కలిశాడు. సల్ఫర్, నైట్రోజన్‌ల సంకేతాలను వరుసగా పలికితే "ఎస్ ఎన్" అవుతుంది. తగరం సంకేతంలోనూ ఆ రెండు అక్షరాలే. తగరం లోహమే కదా, అందులో వింత ఏముందని మెక్‌డయర్మిడ్ మొదట తికమకపడ్డాడని, కాగితం మీద రాసి చూపాకనే విషయం తేలిందని చెబుతారు. రెండు శాస్త్రాల మధ్య భాష ఎంత అడ్డంకి కాగలదో ఈ చిన్న సంఘటన చూపుతుంది.

1975లో మెక్‌డయర్మిడ్ జపాన్‌కు వెళ్ళినప్పుడు టోక్యో సాంకేతిక విద్యాసంస్థలో హిదేకి షిరకావాను కలుసుకున్నాడు. ఇద్దరూ టీ తాగుతూ తమ తమ నమూనాలను చూపించుకున్నారు. మెక్‌డయర్మిడ్ దగ్గర ఉన్నది బంగారు రంగు సల్ఫర్ నైట్రైడ్. షిరకావా దగ్గర ఉన్నది వెండిలా మెరిసే పల్చని పొర. అది పాలిఎసిటిలీన్. అంతకు ముందు ఈ పదార్థం నల్లని పొడిగా మాత్రమే తెలుసు. 1967లో షిరకావా ప్రయోగశాలలో ఒక పరిశోధకుడు పొరపాటున ఉత్ప్రేరకాన్ని వెయ్యి రెట్లు ఎక్కువగా కలపడంతో పొడికి బదులు పొర ఏర్పడింది. దానిని పారవేయకుండా ఆ పొర ఎందుకు వచ్చిందని ఆరా తీయడం షిరకావా గొప్పతనం.

అమెరికా నౌకాదళ పరిశోధనా కార్యాలయం ఇచ్చిన ధనసహాయంతో షిరకావా 1976లో ఒక సంవత్సరం కోసం ఫిలడెల్ఫియా వచ్చాడు. మొదట పొరను వీలైనంత శుద్ధంగా తయారుచేయాలని చూశారు. కాని శుద్ధి పెరిగిన కొద్దీ విద్యుత్ వాహకత తగ్గింది. అంటే మాలిన్యమే వాహకతను పెంచుతున్నదన్నమాట. బ్రోమిన్ కలిపినప్పుడు సల్ఫర్ నైట్రైడ్ వాహకత పెరిగిన అనుభవం అప్పటికే ఉంది. 1976 నవంబరు 23న షిరకావా, హీగర్ బృందంలోని పరిశోధకుడు చియాంగ్ కలిసి పాలిఎసిటిలీన్ పొరకు బ్రోమిన్ ఆవిరిని తగిలించారు. నిమిషాలలోనే వాహకత వేల రెట్లు ఎగబాకింది. తరువాత అయోడిన్‌తో చేసిన ప్రయోగాలలో అది కోటి రెట్ల వరకు పెరిగింది. ఫలితాలు 1977లో ప్రచురితమయ్యాయి.

దీని కారణాన్ని ఇలా అర్థం చేసుకోవచ్చు. పాలిఎసిటిలీన్ ఒక పొడవైన కర్బన గొలుసు. అందులో ఏకబంధం, ద్విబంధం ఒకదాని తరువాత ఒకటిగా వస్తాయి. ఎలక్ట్రానులు ఉన్నా అవి కదలడానికి ఖాళీ లేదు. పంక్తి భోజనంలో విస్తళ్ళన్నీ నిండి ఉంటే ఎవరూ పక్కకు జరగలేరు. ఒక్కరు లేచి వెళితే పక్కవారు ఆ చోటికి, వారి పక్కవారు ఈ చోటికి జరగవచ్చు. అప్పుడు ఖాళీ స్థానమే పంక్తి వెంబడి ప్రయాణం చేస్తున్నట్లు కనిపిస్తుంది. అయోడిన్, బ్రోమిన్‌లు గొలుసు నుండి కొన్ని ఎలక్ట్రానులను లాక్కుని ఆ ఖాళీని కల్పిస్తాయి.

ఈ ఉపమానం పూర్తి కథ కాదు. ద్విబంధాల వరుస మధ్యలో క్రమం తప్పిన చోట ఒక మడత వంటిది ఏర్పడి, అదే గొలుసు వెంబడి కదులుతుందని సు, ష్రీఫర్, హీగర్ 1979లో ప్రతిపాదించారు. వీరిలో రాబర్ట్ ష్రీఫర్ అతివాహకత సిద్ధాంతానికి 1972లోనే నోబెల్ పొందినవాడు. సు అప్పటికి విద్యార్థి. ఒక విద్యార్థి, ఒక నోబెల్ గ్రహీత, ఒక ప్రయోగశాస్త్రజ్ఞుడు ఒకే పత్రంపై కలవడం ఈ కేంద్రపు వాతావరణానికి మంచి నిదర్శనం.

2000 అక్టోబరు 10న నోబెల్ ప్రకటన వెలువడే నాటికి హీగర్ కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాకు వెళ్ళి చాలా కాలమైంది. షిరకావా అదే సంవత్సరం త్సుకుబా విశ్వవిద్యాలయం నుండి పదవీ విరమణ చేశాడు. ఫిలడెల్ఫియాలో మిగిలింది మెక్‌డయర్మిడ్ ఒక్కడే. ఆయన 2007 ఫిబ్రవరి 7న మరణించాడు.

పాలిఎసిటిలీన్ గాలి తగిలితే పాడైపోతుంది కనుక అది స్వయంగా బజారుకు రాలేదు. ఆ దారిలో వచ్చిన పాలిఅనిలీన్, పాలిపైరోల్ వంటివే స్థిర విద్యుత్తును అరికట్టే పూతలకు, తుప్పు నివారణకు, మరికొన్ని పనులకు ఉపయోగపడ్డాయి. వాహక పాలిమర్లు రాగి తీగలను తొలగిస్తాయని తొలినాళ్ళలో వచ్చిన అంచనాలు మాత్రం నిజం కాలేదు.

తరువాతి పరిశోధనలు

1984లో ఈ విశ్వవిద్యాలయంలోని భౌతికశాస్త్రవేత్త పాల్ స్టైన్‌హార్ట్, ఆయన విద్యార్థి డోవ్ లెవిన్ స్ఫటికాల వంటి క్రమం ఉండి, స్ఫటికాలలా పునరావృతం కాని నిర్మాణాలను సైద్ధాంతికంగా వర్ణించారు. వాటికి "క్వాసీ స్ఫటికాలు" అనే పేరు పెట్టినది వీరే. నేలపై చతురస్రపు పలకలను ఖాళీ లేకుండా పరచవచ్చు గాని క్రమ పంచభుజి పలకలను పరచలేము. అందువలన పంచభుజ సౌష్ఠవం స్ఫటికాలలో అసాధ్యమని పుస్తకాలు చెప్పేవి. డాన్ షెక్ట్‌మన్ 1982లో అల్యూమినియం, మాంగనీసు మిశ్రలోహంలో దానినే చూశాడు. ఆయన పత్రం 1984 నవంబరులో వెలువడిన కొద్ది వారాలకే లెవిన్, స్టైన్‌హార్ట్‌ల పత్రం వచ్చింది. షెక్ట్‌మన్‌కు 2011లో రసాయనశాస్త్ర నోబెల్ లభించింది.

పాలిఎసిటిలీన్ కథ కూడా అక్కడితో ఆగలేదు. ఆ గొలుసుపై సైద్ధాంతిక కృషి చేసిన యూజీన్ మేలే, ఛార్లెస్ కేన్‌తో కలిసి 2005లో లోపల విద్యుద్బంధకంగా ఉంటూ అంచుల వెంబడి మాత్రం విద్యుత్తును ప్రసరింపజేసే పదార్థాలు ఉండగలవని చూపాడు. వీటిని టోపోలాజికల్ బంధకాలు అంటారు. ఇప్పుడు ఈ విషయం బోధించే అధ్యాపకులు మొట్టమొదటి ఉదాహరణగా 1979 నాటి పాలిఎసిటిలీన్ నమూనానే బల్లపై రాస్తారు.

ఇటీవలి దశాబ్దాలలో మృదు పదార్థాల అధ్యయనం ఇక్కడ ప్రాధాన్యం సంతరించుకుంది. ఆ రంగానికే చెందిన అర్జున్ యోధ్ ఈ పరిశోధనాలయానికి సంచాలకుడుగా కూడా పనిచేశాడు. కాఫీ చుక్క బల్లపై ఆరినప్పుడు మరక అంచు చిక్కగా, మధ్య పలచగా ఉండడం అందరూ చూసినదే. చుక్క అంచున నీరు త్వరగా ఆవిరై, లోపలి నీరు రేణువులను వెంట తీసుకుని అంచుకు ప్రవహించడం దీనికి కారణమని 1997లో షికాగో బృందం వివరించింది. గుండ్రని రేణువులకు బదులు కోలగా ఉన్న రేణువులను వాడితే అవి నీటి ఉపరితలంపై ఒకదానినొకటి పట్టుకుని నిలిచిపోతాయని, మరక సమానంగా పరచుకుంటుందని 2011లో యోధ్ బృందం చూపింది. రంగులకు, ముద్రణకు ఇది పనికివచ్చే విషయం. ఇంట్లో కాఫీ చుక్కతో మొదటి భాగాన్ని విద్యార్థులు స్వయంగా పరిశీలించవచ్చు.

గాజు, ఇసుక, నురుగు వంటి క్రమరహిత ఘనపదార్థాలు ఎప్పుడు విరుగుతాయనేది మరొక ప్రశ్న. పరమాణువుల నుండి కంటికి కనిపించే రేణువుల వరకు ఎంతో భిన్నమైన పదార్థాలను పోల్చి చూసి, అవన్నీ దాదాపు ఒకే స్థాయి వికృతి వద్ద లొంగిపోతాయని 2017లో ఇక్కడి పరిశోధకులు, ఇతర సంస్థల సహచరులతో కలిసి ప్రకటించారు. ఇందులో కంప్యూటరు చేత నేర్పించే పద్ధతులు వాడారు.

విద్యార్థులు, ఉపాధ్యాయులు

వేసవి సెలవులలో ఇతర కళాశాలల డిగ్రీ విద్యార్థులు ఇక్కడికి వచ్చి పరిశోధనలో పాలుపంచుకుంటారు. పాఠశాల ఉపాధ్యాయులకు కూడా ఇటువంటి వేసవి కార్యక్రమం నిర్వహించారు. పాఠం చెప్పేవాడు ఒక్కసారైనా సమాధానం తెలియని ప్రశ్నతో కొన్ని వారాలు గడపడం ఈ వ్యాస రచయిత దృష్టిలో ఏ శిక్షణ తరగతికన్నా మేలైనది.

ప్యూర్టో రికో ద్వీపంలోని హుమకావో విశ్వవిద్యాలయ ప్రాంగణంతో ఈ కేంద్రానికి 2004 నుండి భాగస్వామ్యం ఏర్పడింది. హుమకావో ప్రధానంగా డిగ్రీ స్థాయి విద్యాసంస్థ. ఆ ఒప్పందానికి పూర్వమే అక్కడి భౌతికశాస్త్రవేత్తలు మెక్‌డయర్మిడ్‌తో కలిసి పాలిఅనిలీన్‌ను అతి సన్నని పోగులుగా లాగే పని చేశారు. అటువంటి ఒక్క పోగుతో తయారుచేసిన ట్రాన్సిస్టరు గురించి 2003లో పత్రం వెలువడింది.