సగం తీగ, సగం ఇనుము

కామవరపుకోట అనగానే చరిత్రప్రియులకు ఆ మండలంలోని గుంటుపల్లి బౌద్ధగుహలు గుర్తుకు వస్తాయి. నేను చెప్పబోయే చరిత్ర అంత పాతది కాదు, నూరేళ్ళు పైబడినది మాత్రమే. దానికి శాసనాలు లేవు. మెట్ట దారుల్లో ఆగిపోయిన లారీకి, ట్రాక్టరుకి మళ్ళీ దీపం వెలిగించే ఆటో ఎలక్ట్రీషియన్ల విద్య అది.

తొలినాటి మోటారుకార్లకు కరెంటుతో పని తక్కువ. పెట్రోలును రగిలించే నిప్పురవ్వకు మాగ్నెటో చాలు. దీపాలు కిరసనాయిలుతోనో కార్బైడు వాయువుతోనో వెలిగేవి. ఇంజనును హాండిలు తిప్పి లేపేవారు. 1912లో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన సెల్ఫ్ స్టార్టరు కాడిలాక్ కారులోకి వచ్చింది. బ్యాటరీ, డైనమో బండిలో స్థిరపడడానికి అదే నాంది.

ప్రతి దీపానికీ రెండు తీగలు లాగడం ఖర్చు. పోయే దారికి తీగ వేసి, తిరుగుదారికి బండి ఇనుప దేహాన్నే వాడుకుంటే సరిపోతుంది. మన మెకానిక్కులు 'ఎర్తు' అనేది దీన్నే. నేలతో దానికి సంబంధం లేదు. ఈ ఏర్పాటుతో రాగి మిగిలింది గానీ, వలయంలో సగం కంటికి కనబడకుండా పోయింది. బండి కరెంటు రిపేరు చరిత్రలో పెద్ద భాగం ఆ కనబడని సగాన్ని వెతకడమేనని నా అభిప్రాయం.

ఏ కొసను ఎర్తు చేయాలన్నదానిపైనా చాలాకాలం ఏకాభిప్రాయం లేదు. 1960ల దాకా బ్రిటిష్ కార్లలో అనేకం ప్లస్సును దేహానికి కలిపేవి. ఆల్టర్నేటర్లు వ్యాపించాక మైనస్ ఎర్తే ఆనవాయితీ అయింది. ఆల్టర్నేటరున్న బండికి బ్యాటరీ తిప్పి బిగిస్తే లోపలి డయోడ్లు కాలిపోతాయి.

ఇండికేటరు వేస్తే వెనుక దీపం కూడా మినుకుమంటోందా? బల్బును అనుమానించకండి. ఎర్తు తెగినప్పుడు కరెంటు పక్క బల్బు గుండా దారి వెతుక్కుంటుంది. కొల్లేటి చెమ్మలో తిరిగే బండికి తుప్పుపట్టిన ఒక్క బోల్టు చాలు.

వెతకడానికి పాతకాలపు పనిముట్టు టెస్ట్ లాంపు: ఒక బల్బు, రెండు తీగలు. ఒక కొసను బ్యాటరీ మైనస్‌కు తగిలించి, రెండో కొసతో ప్లస్ తీగ వెంట తాకుతూ పోవాలి. ఎక్కడ వెలగడం మానితే, దానికీ అంతకుముందు తాకిన చోటుకీ నడుమ తెగినట్టు. అయితే తుప్పుపట్టిన ఎర్తు మీద కూడా చిన్న బల్బు వెలిగి మోసం చేయగలదు. అందుకే దీపం వేసి ఉంచి, బ్యాటరీ మైనస్‌కూ దీపం ఎర్తుకూ మధ్య మీటరు పెట్టాలి. 12 వోల్టుల బండిలో అక్కడ అర వోల్టు కనిపించినా దారిలో అడ్డున్నట్టే.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 ప్రమాణాలు అమలైన తరువాత కొత్త బండ్లకు స్కానరు తప్పనిసరి అవసరమైంది. కానీ స్కానరు ఏ వలయంలో లోపముందో చెబుతుంది, ఏ బోల్టు తుప్పుపట్టిందో చెప్పదు. ఆ మిగతా సగం తెలిసినవారు లేకపోతే, బోల్టు గీకితే పోయేదానికి రైతు కొత్త సామాను కొనవలసి వస్తుంది.

గుహలను కాపాడడానికి ప్రభుత్వ శాఖ ఉంది. ఈ విద్యకు చేతులే గ్రంథాలయం. మీ ఊరి షెడ్డులో ఇంకా టెస్ట్ లాంపు పట్టే పెద్దాయన ఉంటే, ఆయన మాటల్లోనే రాసిపెట్టండి.