మడమ నొప్పి

నెలల తరబడి వదలని మడమ నొప్పికి ఎక్కువగా కారణం అరికాలి పట్టీ దెబ్బతినడం. మడమ ఎముక నుంచి కాలివేళ్ల మొదళ్ల దాకా సాగి, పాదం వంపును పట్టి ఉంచే గట్టి కణజాలం ఇది. వైద్యులు ఈ జబ్బును ప్లాంటార్ ఫేషియైటిస్ అంటారు. ఆయుర్వేదంలో దీనికి దగ్గరి లక్షణాలున్న జబ్బును సుశ్రుతుడు వాతకంటకమన్నాడు. పొద్దున మంచం దిగి వేసే మొదటి అడుగే దీని గుర్తు. మడమలో ముల్లు దిగినట్టు పొడుస్తుంది, నాలుగడుగులు నడిస్తే సర్దుకుంటుంది, కూర్చుని లేస్తే మళ్లీ మొదటికొస్తుంది. 40 నుంచి 60 ఏళ్ల మధ్యవారిలోనూ, బరువు పెరిగినవారిలోనూ, పిక్కలు బిగుసుకుపోయినవారిలోనూ, రోజంతా నిలబడి పనిచేసేవారిలోనూ ఎక్కువ.

ఎక్స్‌రేలో మడమకు కొమ్ములాంటి ఎముక కనిపించగానే చాలామంది బెంబేలెత్తిపోతారు. నొప్పే ఎరుగనివారికీ ఆ కొమ్ము ఉండవచ్చు. దాన్ని కోయించుకోవాలన్న తొందర అనవసరం.

ఆంధ్ర సరిహద్దును ఆనుకుని, గౌరిబిదనూరు తాలూకాలో ఉన్న నాగరగెరె వైపు ఇంకో సంగతి చూడాలి. చిక్కబళ్లాపుర జిల్లాలో బాగేపల్లితో సహా చాలాచోట్ల బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగే నీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఏళ్ల తరబడి అలాంటి నీళ్లు తాగితే కీళ్లు బిగుస్తాయి, ఎముకలను పట్టి ఉంచే స్నాయువులు గట్టిపడతాయి. మడమతో పాటు నడుము, మెడ, మోకాళ్లు కూడా పట్టేస్తుంటే వైద్యుడికి ఏ నీళ్లు తాగుతున్నారో కూడా చెప్పాలి.

చికిత్సలో మొదటి మెట్టు ఖర్చులేనిది. మంచం దిగకముందే కాలిని రెండో మోకాలిమీద పెట్టుకుని, వేళ్లను చేత్తో వెనక్కి లాగి పది అంకెలు లెక్కపెట్టాలి. అలా పదిసార్లు, రోజుకు మూడు విడతలు. గోడకు చేతులానించి, మడమ నేలకు తాకేలా పిక్కను సాగదీయడమూ ముఖ్యమే. బండల నేలమీద వట్టికాళ్లతో తిరగకుండా, ఇంట్లోనూ మెత్తటి చెప్పులు వేసుకోవాలి. ఇలా ఓపిక పడితే పదిమందిలో ఎనిమిది, తొమ్మిదిమందికి ఏడాదిలోపు నయమవుతుంది. ఓపికే కరువు. స్టెరాయిడ్ సూదితో కొన్ని వారాలు హాయిగా ఉంటుంది కానీ, పదేపదే వేయించుకుంటే పట్టీ తెగే ప్రమాదముంది, మడమ కింది కొవ్వు దిండూ కరుగుతుంది. షాక్‌వేవ్ చికిత్స, ఆపరేషన్ తర్వాతి మాట.

వేడి ఇటుకమీద జిల్లేడాకు వేసి మడమ ఆనించే ఇంటివైద్యం మనవాళ్లకు కొత్తకాదు. కాపడంతో కాస్త ఉపశమనం ఉంటుంది. అయితే షుగరుతో అరికాళ్లు మొద్దుబారినవారికి కాలినా తెలియదు. పుండు పడితే మానడం కష్టం. వాళ్లు ఇటుక జోలికి పోకూడదు.

ఇంట్లో చేసే ప్రయత్నాలతో తగ్గకపోతే నాగరగెరె వైపువాళ్లు గౌరిబిదనూరు తాలూకా ఆసుపత్రికి గానీ, హిందూపురానికి గానీ వెళ్లవచ్చు. అక్కడా తేలకపోతే బెంగళూరు జయనగర్ వైపున్న సంజయ్ గాంధీ ఎముకల ఆసుపత్రి ఉంది. రాత్రి పడుకున్నప్పుడూ నొప్పి, వాపు, జ్వరం, తిమ్మిరి ఉన్నా, చిన్న వయసులో రెండు మడమలూ నొస్తూ పొద్దున నడుము పట్టేసినా ఆలస్యం చేయకుండా వైద్యుడికి చూపించుకోండి.